దేవదానం బండికి బిగించిన వేడి గ్రిప్పులు

మా ఆటో ఎలక్ట్రీషియన్ల సంఘం వాళ్లు, కొత్తగా పనిలోకి వచ్చే పిల్లల కోసం నాలుగు పేజీలు రాసిమ్మని అడిగారు. "నీ అనుభవాలు రాయి పెద్దయ్యా, పదిమందికి పనికొస్తయ్" అన్నారు. నేను దుకాణం మూసి చాలా కాలమైంది. డైనమో విప్పి బ్రష్‌లు అరగదీసే పని ఇప్పుడు ఎవడికి కావాలి? ఈ కాలపు బండ్లు కంప్యూటర్ తగిలిస్తే తప్ప రోగం చెప్పవు. అందుకని పని సంగతులు తక్కువ రాస్తాను. ఎన్ని బండ్లు బాగుచేశానో, ఏ నవాబుగారి కారు నా చేతికొచ్చిందో అసలే రాయను. అవి చెప్పుకోవడానికి ఇరానీ హోటళ్లున్నాయి.

నేను పాడుచేసిన ఒక పని గురించి రాస్తాను. పని పాడవడం పెద్ద విషయం కాదు, చేసేవాడి చేతిలోనే చెడుతుంది. దాని తర్వాత నేను ఆడిన మాట ఉంది చూశారూ, అది రాయాలి. మా ఇంట్లోవాళ్లకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. సిగ్గు. ఇది రాస్తున్నప్పుడు కూడా సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

గౌస్ ఉస్తాద్ నేర్పిన మంచీ చెడూ

నేను పని నేర్చుకున్నది షాలిబండలో, గౌస్ ఉస్తాద్ దగ్గర. అరవైల చివర్లో చేరి ఎనిమిదేళ్లు ఉన్నాను. ఆయన తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. పని తప్పు చేస్తే మన చేతిలోని పానా మెల్లగా తీసుకుని తన జేబులో వేసుకునేవాడు. ఇక మధ్యాహ్నం దాకా చేతులు కట్టుకుని నిలబడాలి. పోయేవాడూ వచ్చేవాడూ చూస్తుంటాడు. దానికన్నా రెండు దెబ్బలు నయం అనిపించేది.

ఆయన నేర్పిన వాటిలో పెద్దది వేడి చూడటం. వైరు కాలుతోందా, డైనమో మరీ వేడెక్కిందా అన్నది చేత్తో చూడనిచ్చేవాడు కాదు. తన చెంప దగ్గరగా పెట్టి చూసేవాడు. "హాత్ ఝూట్ బోల్తా రే నర్సింగ్. గాల్ సచ్ బోల్తా" అనేవాడు. చెయ్యి అబద్ధమాడుతుంది, చెంప నిజం చెబుతుంది. టంకం పెట్టీ పెట్టీ, వేడి ఇంజన్లు పట్టీ పట్టీ మా అరచేతులు చెప్పు అడుగుల్లా తయారవుతాయి. మాకు గోరువెచ్చన అనిపించేది మామూలు మనిషికి చురుక్కుమంటుంది. ఉస్తాద్ ఎడమ చెంప మీద ఎప్పుడూ ఒక గ్రీజు మచ్చ ఉండేది. నమాజుకు పోయేముందు ఆయన అది తుడుచుకుంటుంటే మేం వెనక నవ్వుకునేవాళ్లం. నవ్వడం తెలిసింది గానీ నేర్చుకోవడం తెలియలేదు.

చెడ్డది కూడా ఒకటి నేర్పాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ, ఈ మాట రాయకపోతే మిగతాదంతా దండగ. పని తెచ్చిన గిరాకీ ముందు ఉస్తాద్ అన్నవాడు తప్పు ఒప్పుకోకూడదు. అది మా బజారులో రివాజు. "గల్తీ మానే తో దుకాన్ బైఠ్ జాతీ" అనేవాడు, ఒప్పుకుంటే దుకాణం కూర్చుంటుందని, అంటే మూతపడుతుందని. తప్పు మోయడానికి మాకు ముగ్గురు హమాలీలు సిద్ధంగా ఉండేవాళ్లు: బ్యాటరీ, బేగంబజార్‌లో కొన్న మాలు, గిరాకీ చెయ్యి. ఒకసారి బరాత్ ఊరేగింపులో పెళ్లికొడుకు కారు హారన్ ఆగకుండా మోగింది. స్విచ్చి వైరు తప్పు కలిపింది నేనే. ఉస్తాద్ ఏమాత్రం తొణకకుండా "దూల్హే మియా నే జోర్ సే దబాయే సాబ్" అన్నాడు, పెళ్లికొడుకు గట్టిగా నొక్కాడని. పెళ్లికొడుకు మామగారు నిజంగానే అల్లుణ్ణి కోప్పడ్డాడు. మేం వారం రోజులు నవ్వుకున్నాం.

చెంప పాఠం ఎనిమిదేళ్లయినా నాకు సరిగ్గా అబ్బలేదు. ఈ పాఠం మాత్రం ఆ ఒక్కరోజులో వచ్చేసింది.

చలికి తెల్లబడే వేళ్లు

డెబ్భైల మధ్యలో చాంద్రాయణగుట్ట చౌరస్తాలో సొంత దుకాణం పెట్టాను. రేకుల కప్పు, ఒక బల్ల, ఒక ఛార్జింగ్ మెషిన్. అప్పుడు అక్కడ ఇంత రద్దీ లేదు. బస్సు ఆగితే నలుగురు దిగేవాళ్లు, అందులో ఇద్దరు నాకు తెలిసినవాళ్లే అయ్యేవాళ్లు.

దేవదానం సంతోష్‌నగర్ మనిషి. ఊరికి అవతలి కొసన ఉన్న ఒక సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాకన్నా రెండేళ్లు చిన్న. సన్నగా ఉండేవాడు, మాట మెత్తన. వేలంలో కొన్న పాత మోటార్‌సైకిల్ ఉండేది. పొద్దున మొదటి షిఫ్టుకు బస్సు దొరకదు, అందుకని చీకటి విడవకముందే దాని మీద బయలుదేరేవాడు. ముప్పావుగంట ప్రయాణం.

ఆయనకొక బాధ ఉంది. చలికాలంలో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి మొద్దుబారిపోయేవి. "గిచ్చినా తెలుస్తలేదు నర్సింగన్నా" అనేవాడు. మన ఊరి చలి ఏపాటిదని మీరనొచ్చు. డిసెంబరు తెల్లవారుజామున మూసీ దాటుతూ బండి నడిపినవాణ్ణి అడగండి. ఆయన చేసేదేమో చిన్న చిన్న మరలు బిగించే పని. ఫ్యాక్టరీ చేరాక అరగంటసేపు ఒక్క మర చేతికి ఆగేది కాదట. జనవరిలో ట్రేడ్ టెస్టు ఉంది. అందులో గట్టెక్కితే మీటర్ల సెక్షన్‌లోకి తీసుకుంటారు. జీతం సంగతి పక్కన పెట్టండి, ఆయన ఆ సెక్షన్ గురించి మాట్లాడుతుంటే మొహం వేరేగా ఉండేది. "అండ్ల కూసున్నోడు కారీగర్ అన్నా. మిగిలినోళ్లందరు కూలోళ్లే" అన్నాడొకసారి.

ఆ చలికాలమే ఒక విదేశీయుడు పెద్ద మోటార్‌సైకిల్ మీద దక్షిణానికి పోతూ, వైరు తెగి నా దుకాణం ముందు ఆగాడు. వైరు కలుపుతుంటే హ్యాండిల్ రబ్బర్ల నుంచి రెండు తీగలు బయటికి వస్తున్నాయి. ఏమిటని సైగ చేశాను. అతను స్విచ్చి వేసి నా చెయ్యి పట్టి రబ్బరు మీద పెట్టాడు. వెచ్చగా ఉంది. దేవదానం అప్పుడు అక్కడే ఉన్నాడు. తనూ చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

"అన్నా, గిట్లాంటిది నా బండికి అయితదా?"

నేను విదేశీయుడి బండి వైపు చూసి, "దీంట్ల ఏమున్నది, ఇస్త్రీపెట్టెకు తమ్ముడు" అన్నాను. నలుగురు నవ్వారు. నవ్వించాను కాబట్టి ఇక చెయ్యాల్సిందే.

నా పనితనం

బేగంబజార్ పోయి హీటర్ కాయిల్ తెచ్చాను. ఇస్త్రీపెట్టెలో వేసే అభ్రకం రేకు తెచ్చాను. హ్యాండిల్ రబ్బరు తీసి, గొట్టానికి అభ్రకం చుట్టి, దాని మీద కాయిల్ సాగదీసి చుట్టి, మళ్లీ అభ్రకం, పైన రబ్బరు. కుడిచేతి వైపు రేస్ తిప్పినప్పుడల్లా గ్రిప్పు తిరుగుతుంది కాబట్టి తీగ తెగకుండా ఒక మెలిక వదులు పెట్టాను. పని చూడముచ్చటగా వచ్చింది. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

రెండు రోజులు నడిపి దేవదానం మళ్లీ వచ్చాడు. "తప్పనుకోకన్నా, వేడి తెలుస్తలేదు" అన్నాడు. దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. నాకు చిన్నతనమనిపించింది.

ఇక్కడ ఆగి చదవండి. మొద్దుబారిన వేళ్లవాడు వేడి తెలియడం లేదంటే అర్థమేమిటి? ముందు ఆ వేళ్లను నమ్మకూడదు. ఆ మాట ఆయనే నాకు పదిసార్లు చెప్పి ఉన్నాడు, గిచ్చినా తెలియదని. పైగా చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని నడుపుతాడు. నేను ఇవేవీ ఆలోచించలేదు. నా పనిని తక్కువ చేశాడన్నదే ఆలోచించాను. రబ్బర్లు మళ్లీ విప్పి రెండు వైపులా కాయిల్‌లో మూడోవంతు కత్తిరించేశాను. కాయిల్ పొట్టిదైతే వేడి పెరుగుతుంది, ఈ సంగతి పని నేర్చుకునే పిల్లవాడికి కూడా తెలుసు. ఇంజన్ ఆపి, బ్యాటరీ మీద స్విచ్చి వేసి, అయిదు నిమిషాలు అరచేత్తో పట్టుకుని చూశాను. గోరువెచ్చగా, హాయిగా ఉంది. బండి రోడ్డు మీద ఉరికితే డైనమో ఇంకా ఎక్కువ కరెంటిస్తుంది. ఆయన పట్టుకునేది అయిదు నిమిషాలు కాదు, ముప్పావుగంట. ఈ రెండూ తెలియనివాణ్ణి కాదు. చెంప మాత్రం పెట్టలేదు. గిరాకీల ముందు హ్యాండిల్‌కు చెంప ఆనిస్తే నవ్వుతారనిపించింది, మేం ఉస్తాద్‌ను చూసి నవ్వినట్టు.

"ఇగ సూడు, మే నెల లెక్క ఉంటది" అని బండి అప్పజెప్పాను.

ట్రేడ్ టెస్టు పొద్దున

ఆ మరుసటి రోజే ఆయన టెస్టు. వేళ్లు వెచ్చగా ఉండాలని ఇంటి దగ్గరే స్విచ్చి వేశాడు. దారిలో చేతులు ఎప్పటిలాగే మొద్దుబారాయి, ఇంకా వేడెక్కలేదనుకుని మరింత గట్టిగా పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర తొడుగులు తీయబోతే రాలేదు. ఉన్ని అరచేతులకు అంటుకుపోయింది. కాసేపటికి చేతుల్లోకి నెత్తురు తిరిగి వచ్చింది, అప్పుడు తెలిసింది నొప్పి. టెస్టు హాలు ముందు నుంచే ఆయన్ను దవాఖానాకు తీసుకుపోయారట.

ఇవన్నీ నాకు నాలుగు రోజుల తర్వాత తెలిశాయి. బావమరిది బండి నడుపుతుంటే దేవదానం వెనక కూర్చుని వచ్చాడు. రెండు చేతులకూ మణికట్టు దాకా కట్లు. ఒక బ్యాంకు గుమాస్తా స్కూటర్ కోసం కూర్చుని ఉన్నాడు, ఇద్దరు లారీ డ్రైవర్లున్నారు. అందరూ ఆ కట్ల వైపే చూశారు.

బావమరిది కోపంగా ఉన్నాడు. "ఏంది ఉస్తాద్, గిట్లనేనా పని జేసేది? చేతులు కాలిపోయినయ్ మా బావయి" అన్నాడు.

 తప్పు ఎక్కడుందో ఆ క్షణమే తెలిసింది, ఆలోచించే పనే లేదు. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం ఇది.

"నేను చెప్పిన గదా దేవదానం, చాదర్‌ఘాట్ దాటంగనే బంద్ చేయమని. చెప్పిన్నా లేదా? ఆఖరిదాక వేసి పెడితే కాలదా మరి?"

నేను చెప్పలేదు. ఆయన మూసీ దాటే ఆ చాదర్‌ఘాట్ పేరు కూడా ఎత్తలేదు. అంత వివరంగా అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు.

దేవదానం నా మొహం చూశాడు. తర్వాత గుమాస్తా వైపు, డ్రైవర్ల వైపు చూశాడు. "చెప్పినవా అన్నా? నాకు యాదిల లేదు" అని, బావమరిది వైపు తిరిగి, "అయితే తప్పు నాదే. నువ్వు ఊకో బావా" అన్నాడు. కట్లు కట్టిన చేతులు అలాగే పైకెత్తి నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు. గుమాస్తా, "చదువు లేనివాళ్లకు ఇలాంటివి బిగించకూడదయ్యా" అన్నాడు. నేను తల ఊపాను.  అబద్ధం ఆడినందుకన్నా, ఆ తల ఊపినందుకు ఎక్కువ సిగ్గుపడతాను.

మళ్లీ టెస్టు పెట్టేసరికి ఏడాది దాటింది. అప్పటికి పుండ్లు మానాయి గానీ అరచేతి చర్మం బిగుసుకుపోయి వేళ్లు పూర్తిగా చాచడానికి రాలేదు. చిన్న మర పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలిసేది కాదు. ఫెయిలయ్యాడు. స్టోర్స్‌లో వేశారు, పెట్టెలు లెక్కపెట్టే పని. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

ప్రతి చలికాలం

ఆ తర్వాత కూడా ఆయన నా దగ్గరకు రావడం మానలేదు. దీపావళి వెళ్లాక, చలి మొదలవుతుండగా వచ్చేవాడు. "బ్యాటరీల నీళ్లు సూడు అన్నా" అనేవాడు. నీళ్లు సరిగ్గానే ఉండేవి. చూసి చెప్పాక కూడా బల్ల మీద కూర్చునేవాడు. గిరాకీలందరూ పోయేదాకా ఉండేవాడు. ఇద్దరమే మిగిలాక నా వైపే చూస్తూ కూర్చునేవాడు. నేను పానాలు తుడిచేవాణ్ణి, తుడిచినవే మళ్లీ తుడిచేవాణ్ణి. చివరికి "సరే అన్నా, పోయొస్త" అని లేచేవాడు.

మంచి మనిషి, మనసులో ఏమీ పెట్టుకోలేదు అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను. ఎనభైల చివర్లో బండి అమ్మేశాడు. ఆ చలికాలం రాలేదు. నిజం చెబుతున్నాను, హమ్మయ్య అనిపించింది.

ఈ నాలుగు పేజీలు రాయడానికి కూర్చుంటే ఆయన పేరు దాటి పెన్ను కదల్లేదు. ఆయనకు చెప్పకుండా మీకు చెప్పడం మరో రకం దొంగతనం అనిపించింది. పోయిన నెల ఒక సాయంత్రం సంతోష్‌నగర్ పోయాను. ఇల్లు అదే. ఆయన జుట్టు మొత్తం నెరిసింది. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆయన భార్య సుగుణమ్మ "బాగున్నవా అన్నా, శాన రోజులైంది" అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను ఎక్కువ నాన్చలేదు. "దేవదానం, ఆ రోజు చాదర్‌ఘాట్ మాట నేను చెప్పలే. అబద్ధమాడిన. కాయిల్ మరీ పొట్టిగ కోసిన, సరిగ్గ సూడకుండనే ఇచ్చిన. తప్పు నాది" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఎరుకే అన్నా" అన్నాడు. "కట్లు ఇప్పినంక రబ్బర్లు నేనే తీసి సూసిన. చుట్లు లెక్కపెట్టిన. నేను మర్ల పని జేసేటోన్ని గదా, గంత తెల్వదా? చాదర్‌ఘాట్ మాట నువ్వు అనలేదని ఆడనే ఎరుక."

"మరి తప్పు నాదే అని ఎందుకన్నవ్?"

"అంతమంది గిరాకీలున్నరు. నీ దుకాణం కొత్తది. నలుగుర్ల నీ ఇజ్జత్ తీయొద్దని ఊకున్న. ఎవ్వరు లేనప్పుడు నువ్వే చెప్తవ్ అనుకున్న. అందుకే వస్తుంటి, ఏటా. నీళ్లు నేను ఇంట్ల గూడ పోసుకుందును."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పది చలికాలాలు ఆ మనిషి నా ఎదురుగా బల్ల మీద కూర్చుని ఒక్క మాట కోసం చూశాడు. నేను పానాలు తుడుస్తూ కూర్చున్నాను.

"మాఫ్ చెయ్యి" అన్నాను.

"మొదటి ఏడే అనుంటే, ఆడనే లొల్లి పెట్టుకుని, ఆడనే కలుస్తుంటిమి. ఇప్పుడు మాఫ్ జేసిన అందామంటే నోరొస్తలేదన్నా. అట్లని కోపం గూడ లేదు. చాయ్ తాగు."

సుగుణమ్మ రెండు స్టీలు గ్లాసులు తెచ్చి చెరొకటి ఇచ్చింది. పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇక రెండు ముక్కలే. వేడిని చేత్తో చూడకండి. తప్పు చేస్తే గిరాకీ ఎదురుగా ఉండగానే, ఆ రోజే చెప్పండి. దుకాణం కూర్చుంటే మళ్లీ లేపుకోవచ్చు. ఇంతకన్నా నాకు తెలిసింది లేదు.

దేవదానం గ్లాసు రెండు చేతులతో ఎత్తి, తాగలేదు. ముందు తన ఎడమ చెంపకు ఆనించాడు. కొద్దిసేపు ఉంచి, తీసి, ఊదుకుని, మళ్లీ ఆనించి, అప్పుడు తాగాడు. నాకు చూపించడానికి చేసింది కాదది. సుగుణమ్మ అటు చూడను కూడా లేదు, ఏళ్లుగా చూస్తున్నదే కాబట్టి. ఆ అరచేతులకు వేడి తెలిసి ఎంత కాలమైందో. గౌస్ ఉస్తాద్‌ను ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ పాఠం ఆయనకు నేర్పింది నేనే.

నా గ్లాసు నేను అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. గోరువెచ్చగా ఉందనుకుని ఒక గుక్క తాగాను, నాలుక కాలింది.